అమీర్‌పేటలో ఒక్కరైనా భయపడాలి

ఈ మధ్య అమీర్‌పేట వెళ్ళొచ్చాను. మా తెనాలి నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళు లేక కాదు. వీధికి ఇద్దరు ముగ్గురు చొప్పున కంప్యూటర్ నేర్చుకుంటూ అక్కడే పడున్నారు. కానీ పండక్కి వచ్చినప్పుడు ఏం నేర్చుకున్నారో చెబుతారే తప్ప ఆ ఊరు ఎలా ఉంటుందో ఒక్కడూ చెప్పడు. నేర్చుకున్నదేమో మనకి అర్థం కాదు. అందుకని వెళ్ళనివాళ్ళ కోసం నేనే రాస్తున్నాను. నేను వెళ్ళింది నేర్చుకోవడానికి కాదు, పడిపోవడానికి.

పడిపోవడం ఒకప్పుడు నా వృత్తి. కొత్తవాళ్ళకి కాస్త విడమర్చి చెప్పాలి. మా రోజుల్లో దయ్యాల సినిమా వస్తే హాలువాళ్ళు పోస్టర్లు, రిక్షా మీద మైకుతో పాటు ఒక మనిషిని కూడా పెట్టుకునేవారు. వాడు బెంచీ క్లాసులో కూర్చుని, దయ్యం మొదటిసారి కనబడగానే "అమ్మా!" అని కేకపెట్టి పడిపోవాలి. గేటు మనిషీ సోడాల అతనూ చెరో వైపు పట్టుకుని, తరువాతి ఆటకి బయట నిలబడ్డ జనం మధ్యలోంచి మోసుకెళ్ళాలి. ఆ జనం ఊళ్ళోకి వెళ్ళి చెప్పుకోవాలి. తెనాల్లో ఆ మనిషిని నేను. వెనక్కి పడితే తల పగులుతుంది, ముందుకి పడితే ముక్కు పోతుంది. మోకాలు మడిచి పక్కకి ఒరగాలి. చూడటానికి తేలిగ్గా ఉంటుంది గానీ, నా తరువాత ఇద్దరు ప్రయత్నించి ఇద్దరూ కట్లు కట్టించుకున్నారు.

నేను బాగా పేరు తెచ్చుకున్న సినిమా 'వెనకింటి వరలక్ష్మి'. దాన్ని మా జిల్లాల్లో ఆడించినవాడు నా చిన్ననాటి స్నేహితుడు వీరభద్రం. తీసినవాళ్ళు మునిగిపోయాక హక్కులన్నీ వాడే కొనుక్కుని, రీళ్ళు పాడవకముందే క్యాసెట్‌లోకి ఎక్కించి బీరువాలో చీరల మధ్య దాచుకున్నాడు. కిందటి వేసవిలో మనవడికి చూపిస్తే వాడు పొట్ట పట్టుకుని నవ్వాడట. వీరభద్రం రెండు రోజులు అన్నం తినలేదు.

సికింద్రాబాద్ నుంచి అమీర్‌పేట

అమీర్‌పేటలో దిగగానే మనిషికి ముందు కాగితాలు అందుతాయి. నాకూ అందాయి. ఏదో జావా అట, ఇంకేదో టెస్టింగ్ అట. నా తెల్ల జుట్టు చూసి కూడా ఒకబ్బాయి "డెమో క్లాస్ ఫ్రీ సార్" అని వెంటపడ్డాడు. తెనాల్లో ఈ వయసువాడికి కాగితం ఇస్తే అది మోకాళ్ళ నొప్పుల నూనెదే అయి ఉంటుంది. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

వీరభద్రమూ నేనూ మా ఊరి కుర్రాళ్ళ హాస్టల్ గదిలో దిగాం. గదిలో మంచాలు నాలుగు, మనుషులు ఆరుగురు. రాత్రి నా పక్కన చాప మీద ఒకతను పడుకున్నాడు. పొద్దున్నే లేచి నా పేస్టుతో పళ్ళు తోముకుని, "వస్తానంకుల్" అని వెళ్ళిపోయాడు. "ఎవరబ్బాయ్ అతను?" అని అడిగాను. ఐదుగురు ఇంకొకరి స్నేహితుడనుకున్నామన్నారు. ఆ ఇంకొకరేమో నాతో వచ్చాడనుకున్నారట. ఎవరూ దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు. మా ఇళ్ళల్లో అయితే వీధి వీధంతా కర్రలు పట్టుకుని వచ్చేది.

భోజనం బల్కంపేట వైపు ఒక మెస్‌లో. పాతిక రూపాయలకి అన్నం ఎంతైనా పెడతారు. గోంగూర మనదే గానీ, పులుపు మాత్రం బస్సులో అలిసిపోయి వచ్చినట్టుంది. పెరుగు ప్యాకెట్ కత్తిరించి పోస్తున్నారు. "ఇక్కడ తోడు వేసుకోరా?" అని అడిగితే వడ్డించే ఆయన, "తోడెవరూ రారండి, ఎవరి బల్ల వాళ్ళదే" అని కుర్చీ చూపించాడు. ఆయన తప్పేం లేదు, ఆ మాట ఆ బల్లల దగ్గర ఎవరూ వాడి ఉండరు.

ఖాదర్ భాయ్ దుకాణం

వీరభద్రం ఈ ప్రయాణం పెట్టుకున్నది ఖాదర్ భాయ్ కోసం. ఆయన పాత సినిమాలు వీసీడీలు వేసి అమ్ముతాడు. అమీర్‌పేట సందులో దుకాణం, లోపల గోడల నిండా అరలు. మమ్మల్ని కూర్చోబెట్టి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. చాయ్ ఎంత చిక్కగా ఉందంటే, మా ఊళ్ళో దాన్ని రెండు చేసి అమ్ముతారు.

ఖాదర్ భాయ్ మా సినిమా క్యాసెట్ ముందే చూశాడు. వేయడానికి సిద్ధమే. ఒక్కటే పేచీ.

"కామెడీ అరల పెడ్తనన్నా" అన్నాడు.

వీరభద్రం చేతిలో బిస్కెట్ విరిగి చాయ్‌లో పడింది. "అది దయ్యం సినిమా అండీ!"

"దయ్యమే అన్నా, నేను కాదంటున్ననా? కానీ జమానా మారింది. గిప్పుడు దయ్యమంటే సౌండ్. ధడ్‌మని కొట్టాలె, కుర్సీలకెల్లి లేవాలె. పోరగాళ్ళు బిర్యానీ తినుకుంట చూస్తుండ్రు హారర్. మీ దయ్యమేమో పెరుగు తోడు అడగనీకి వస్తది. మా ఇంట్ల మా అమ్మీజాన్ సుత నవ్వింది."

"మా తెనాల్లో మనుషులు పడిపోయారండీ" అన్నాడు వీరభద్రం నావైపు చూడకుండా.

"కామెడీల పెడితే మస్తు పోతది, ఫికర్ లేదు. హారర్ల పెడితే దుమ్ము పడ్తది. మీ మంచికే చెప్తున్న."

వీరభద్రం చాయ్ కప్పు పక్కన పెట్టేశాడు. ఈ సినిమా కోసం వాడు వయసంతా పెట్టాడు. ఆ రోజుల్లో జనం దీని పేరు చెబితే వెనక తలుపు గడియ పెట్టుకునేవారు. "అట్ట మీద కామెడీ అని అచ్చువేస్తే నేను ఊళ్ళో తలెత్తుకోలేనండీ" అన్నాడు. చివరికి ఖాదర్ భాయ్ జాలిపడ్డాడు. కుర్రాళ్ళకి సినిమా వేసి చూపిద్దామన్నాడు, తనూ వచ్చి కూర్చుంటానన్నాడు. "ఒక్కరన్న, ఒక్కరంటే ఒక్కరు నిజంగ భయపడితే హారర్ల పెడ్త. జబాన్" అని మాటిచ్చాడు.

మా ఊరి కుర్రాళ్ళు తమ సారుని బతిమాలి, ఆదివారం పొద్దుటికి క్లాసు గదీ, గోడ మీద బొమ్మ వేసే యంత్రమూ ఇప్పించారు. ఆ ఒక్కరు ఎవరో వీరభద్రానికి ముందే తెలుసు. మనవడు నవ్విన దగ్గర్నుంచీ వాడికి అనుమానమే, నన్ను తెనాలి నుంచి టిక్కెట్టు కొని తెచ్చింది అందుకే.

పంజాగుట్టలో పడటం

చాలా ఏళ్ళుగా పడలేదు కదా, అలవాటు తప్పిందేమోనని అనుమానం వచ్చింది. పైగా ఊరు కొత్త. ఇక్కడి జనం పడినవాణ్ణి ఎలా చూస్తారో తెలియకుండా ఆదివారం బరిలోకి దిగితే ఎలా? అందుకని మర్నాడు పంజాగుట్ట వెళ్ళాను. నగల షోరూములూ చీరల షోరూములూ, వాటి ముందు గొడుగంత టోపీలు పెట్టుకుని సలాములు కొట్టే మనుషులూ. ఒక షోరూము ముందు నున్నటి చోటు చూసుకుని, అద్దం వెనక చీర కట్టిన బొమ్మకేసి వేలు చూపించి, "అమ్మా!" అని పడ్డాను. ఒరగడం పాత పద్ధతిలోనే కుదిరింది. నా ఒళ్ళు మర్చిపోలేదు.

జనం మర్చిపోయారు. మా ఊళ్ళో మనిషి పడిపోతే మొదటి ప్రశ్న "ఏం చూశాడు?" అని. ఇక్కడ ఒక్కరూ ఆ మాట అడగలేదు.

"షుగరా, బీపీనా?"

"టిఫిన్ చేసిండ్రా తాతా?"

"జర జరుగున్రి, గాలి రానియ్యున్రి."

ఎవరో నోట్లో చాక్లెట్ పెట్టారు. ఎవరో ఉప్పూ చక్కెరా కలిపిన పొడి నీళ్ళలో వేసి తాగించారు. ఒకాయన నా జేబులో, మొత్తం ఒంటికి పరీక్షలు చేయించుకుంటే తగ్గింపు ఇస్తామన్న కాగితం పెట్టి వెళ్ళాడు. కళ్ళు మూసుకునే "దయ్యం... దయ్యం..." అన్నాను. "పాపం, ఏదో అంటుండు, సరిగ్గ వినబడ్తలేదు" అన్నారు.

ఇంతలో తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది. పేరు స్వరూప, నర్సింగు చదువుతోందని తరువాత తెలిసింది. నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగింది. "పల్స్ గడియారం లెక్క మంచిగ కొడుతుంది. యాక్టింగ్ చేస్తుండ్రా తాతా?"

ఇన్నేళ్ళ వృత్తిలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నాకు కోపం వచ్చింది, ఆ తరువాత ఎందుకో ఆ పిల్ల మీద గౌరవమూ వచ్చింది. లేచి దుమ్ము దులుపుకుని, ఇద్దరం పక్క సందులో చాయ్ తాగుతుంటే మొత్తం చెప్పేశాను. తన గది యూసుఫ్‌గూడలోనట, ఆదివారం సెలవట. నా పేరు ప్రతిష్ఠల గురించి కాస్త ఎక్కువే చెప్పినట్టున్నాను, "అయితే నేను సుత వస్త" అంది. రమ్మన్నాను. ఎంత తెలివితక్కువ పనో అప్పుడు తట్టలేదు.

క్లాసు గదిలో ఆట

గది మూడో అంతస్తులో. లిఫ్టు పనిచేయడం లేదని కాగితం అంటించారు. అది అంటించి చాలా కాలమైనట్టుంది, దాని మీద ఇంకో మూడు కోర్సుల కాగితాలు అంటించి ఉన్నాయి. కుర్చీలు నిండి, కుర్రాళ్ళూ అమ్మాయిలూ నేల మీదా గుమ్మంలోనూ కూర్చున్నారు. కిటికీలకి నల్ల గుడ్డలు కట్టారు. ఖాదర్ భాయ్ వెనక వరసలో చేతులు కట్టుకుని న్యాయమూర్తిలా కూర్చున్నాడు. వీరభద్రం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పట్టుచొక్కా వేసుకొచ్చాడు.

పేర్లు పడుతుండగానే నవ్వులు మొదలయ్యాయి. హీరో మీసం చూసి ఒకసారి, హీరోయిన్ పరుగు చూసి ఒకసారి. ప్రతి నవ్వుకీ వీరభద్రం పట్టుచొక్కా కొంచెం కొంచెం గోడలోకి పోతోంది.

నా ఘట్టం వచ్చింది. పొద్దుగూకింది. కొత్త కాపురానికి వచ్చిన ఇల్లాలు దీపం పెట్టింది. వెనక తలుపు చప్పుడైంది. తలుపు సందులోంచి గాజుల చెయ్యి ఒకటి, చేతిలో ఇత్తడి గిన్నె. "వదినా, కాస్త తోడుంటే పెడతావా?"

"ప్యాకెట్ కొనుక్కో ఆంటీ!" అని ముందు వరసలోంచి ఎవడో అరిచాడు. హాలంతా గొల్లుమంది. ఆ గోలలోనే నేను లేచి, "అమ్మా!" అని పక్కకి ఒరిగాను.

"భయపడి పడిపోయాడు! భయపడి పడిపోయాడు!" అని వీరభద్రం పాత రోజుల్లోలాగే గొంతెత్తాడు.

యంత్రం ఆపేశారు, లైట్లు వేశారు. ముప్ఫై సెల్‌ఫోన్లు అంబులెన్సు కోసం లేచాయి. గ్లూకోజు అని ఒకరు, అరటిపండు అని ఒకరు. స్వరూప జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏం కాలే, అందరు కూసోండ్రి" అంది గట్టిగా. "పంజాగుట్టల సుత గిట్లనే పడ్డడు. గిది తాత డ్యూటీ."

నవ్వులు చూడాలి. ఖాదర్ భాయ్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. "అన్నా, గిది నడవది" అన్నాడు వీరభద్రంతో. వీరభద్రం నావైపు చూడలేదు. నాకు పారిపోవాలనిపించింది గానీ గుమ్మం నిండా జనం. స్వరూప నన్ను ముందు వరసలో తన పక్కన కుర్చీలో కూలేసి, చెయ్యి వదలకుండా పట్టుకుంది, మళ్ళీ పడతానేమోనని. లైట్లు ఆర్పారు. సినిమా సాగింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. నేను 'వెనకింటి వరలక్ష్మి' ఎన్ని ఆటలకి వెళ్ళానో లెక్కలేదు. కానీ ఆ గాజుల చెయ్యి దాటి ఒక్క బొమ్మ కూడా చూడలేదు. పడేవాణ్ణి, మోసుకుపోయేవాళ్ళు, తరువాతి ఆట దాకా బయట బల్ల మీద కళ్ళు మూసుకుని ఉండేవాణ్ణి. ఆ వరలక్ష్మికి కోరలుంటాయనీ, రక్తం తాగుతుందనీ ఇన్నాళ్ళూ అనుకున్నాను. జనానికి అలాగే చెప్పాను కూడా.

కోరలూ లేవు, రక్తమూ లేదు. ఆ ఇల్లాలు దీపం పెట్టాక తోడు ఇచ్చింది. దీపాలవేళ దాటాక మా అమ్మ ఎంత కావలసినవాళ్ళకైనా పెరుగు చుక్క గడప దాటనిచ్చేది కాదు. "ఇవ్వకమ్మా" అని నోటిదాకా వచ్చింది. చుట్టూ చూశాను. ఒక్కరి మొహంలోనూ ఆ మాట లేదు. వాళ్ళ పెరుగు దుకాణంలోంచి వస్తుంది, రాత్రి పదింటికైనా ఇస్తారు.

మర్నాడు వరలక్ష్మి తలుపు దగ్గర కాదు, గడప మీద కూర్చుంది. ఆ మర్నాడు వంటింట్లో పీట మీద. ఆడవాళ్ళిద్దరూ కబుర్లు చెప్పుకుంటున్నారు. మొగుడు ఊరి నుంచి వచ్చి, "వెనకింటి వరలక్ష్మి ఎవరే? మన వెనక ఇల్లెక్కడుంది?" అంటాడు. లాంతరు పట్టుకుని వెళ్ళి చూస్తే గాజుపెంకులు గుచ్చిన ప్రహరీగోడ. హాల్లో నవ్వులు. గోడ అట్టది, గాలికి ఊగుతోంది. నాకు అట్ట కనబడలేదు.

తరువాత ఇంట్లో భోజనాలు. పంక్తిలో అందరూ కూర్చున్నారు. ఇల్లాలు వడ్డించుకుంటూ వస్తోంది. చివర ఒక విస్తరి ఎక్కువ ఉంది. ఆమె అలవాటుగా ఆ విస్తరిలోనూ అన్నం పెట్టి, నెయ్యి వేసి ముందుకి వెళ్ళిపోయింది. ఎవరూ తలెత్తలేదు.

"మన మెస్సే!" అని కేకలు. "మెస్ కార్డుందా ఆంటీ?" "మా దగ్గర రోజూ పదిమంది తెలీనోళ్ళు తింటరు!" నవ్వుతో గది అదిరిపోయింది. వాళ్ళకది తెలిసిన సంగతే. నా పేస్టుతో పళ్ళు తోముకున్న అబ్బాయి ఆ గదిలోనే ఎక్కడో కూర్చుని నవ్వుతూ ఉండవచ్చు.

నేను స్వరూప చెయ్యి పట్టుకున్నాను. తరువాత రెండు చేతులతో పట్టుకున్నాను.

"తాతా, నొస్తుంది" అంది. అని ఆగిపోయింది. నాడి మీద వేళ్ళు సర్దుకుంది. "ఓయ్, ఖాదర్ భాయ్! జర ఇటు రాండ్రి. గీసారి నిజమే."

ఖాదర్ భాయ్ నమ్మలేదు. వచ్చి నా గుండె మీద చెయ్యి పెట్టి చూశాడు. అటుపక్కనుంచి వీరభద్రం పరుగున వచ్చి నా చెవిలో బుసకొట్టాడు.

"చాల్లేరా! ఒకసారి పరువు పోయింది చాలదా? ఇంక ఆపు."

"భద్రం, ఆ విస్తరి తీసెయ్యమను" అన్నాను.

"ఏంటీ?"

"తీసెయ్యమనరా. ఆవిడ అన్నం కలుపుతోంది."

వీరభద్రం నా మొహంలోకి చూశాడు. వాడికి నా పడటం తెలుసు, కేక తెలుసు, పాత వేషాలన్నీ తెలుసు. ఇది వాటిలో లేదు. "నిజంగానా?" అన్నాడు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి మళ్ళీ, "ఒట్టు? నిజంగానా?" అన్నాడు. అప్పుడే బొమ్మలో ఆఖరి ఘట్టం వచ్చింది. ఇల్లాలు మంచం మీంచి లేచి, ఇత్తడి గిన్నె పట్టుకుని, వెనక తలుపు తీసుకుని చీకట్లోకి వెళ్ళి, ఎవరిదో తలుపు తడుతుంది. "వదినా, కాస్త తోడుంటే పెడతావా?"

నేను కేకపెట్టాను. అది "అమ్మా" కూడా కాదు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టి ఈలలు వేశారు.

లైట్లు వేశాక ఖాదర్ భాయ్ గడ్డం గోక్కున్నాడు. "మీ మనిషే కదన్నా, లెక్కల పట్టాల్నా?"

"నాడి ఎవరి మనిషీ కాదు భాయ్" అంది స్వరూప, ఎర్రబడ్డ చెయ్యి రుద్దుకుంటూ.

"సరే. జబాన్ జబానే. కానీ మళ్ళ చెప్తున్న, కామెడీల అయితే వారం రోజులల్ల ఖతం అయితది. హారర్ల ఒక్కటి పోదు."

"పోకపోయినా సరే" అన్నాడు వీరభద్రం. "ఆ అరలోనే ఉండాలండీ."

తిరుగు రైలు

మర్నాడు పొద్దుటి రైలుకి బయలుదేరాం. కాజీపేట దాకా వీరభద్రం అడుగుతూనే ఉన్నాడు. భయం ఎక్కడ మొదలైంది, గడప దగ్గరా, పీట దగ్గరా? గోడ దగ్గర ఎంత? విస్తరి దగ్గర ఎంత? నేను చెబుతుంటే పెళ్ళిచూపుల కబురు వింటున్నట్టు విన్నాడు. చెప్పిన కొద్దీ నాకు మళ్ళీ భయం వేసింది.

ఖమ్మం దాటాక బాత్రూముకి వెళ్ళాల్సొచ్చింది. ఎండ దంచేస్తోంది. పెట్టె నిండా మనుషులు, జామకాయలమ్మే ఆవిడ, చీట్లపేక బ్యాచీ. అయినా ఆ చివరి తలుపు దాకా ఒంటరిగా వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. సిగ్గు విడిచి చెప్పాను. వీరభద్రం లేచి, ముందు నడిచి, తలుపు తీసి లోపల చూసి, "ఎవరూ లేరు, వెళ్ళు. నేనిక్కడే ఉంటా" అన్నాడు.

గడియ పెట్టుకున్నాను. "ఉన్నావా భద్రం?"

"ఉన్నానురా."

బయట ఇంకెవరో వచ్చి నిలబడ్డట్టున్నారు. ఏమైంది, ఒంట్లో బాగోలేదా, షుగరా అని అడుగుతున్నారు.

"అబ్బే, షుగరూ లేదు బీపీ లేదు" అంటున్నాడు వీరభద్రం. "మా సినిమా చూశాడండీ. దయ్యం సినిమా. భయపడ్డాడు."

అవతల ఎవరో నవ్వారు. ఇంకెవరో ఏం సినిమా అని అడిగారు. వాడు మొదటినుంచీ మొదలుపెట్టాడు. "పొద్దుగూకుతుందండీ. ఇల్లాలు దీపం పెడుతుంది..." నవ్వులు కొంచెం తగ్గాయి. వాడి గొంతు అంత గట్టిగా విని చాలా ఏళ్ళయింది.

నా పని ఎప్పుడో అయిపోయింది. లోపల నాకు భయంగానే ఉంది. అయినా వాడు చెప్పడం అయ్యేదాకా గడియ తియ్యలేదు.